రాజమల్లు ఇల్లు దాటారు

కామాటిపుర, పదకొండో గల్లీ,
ముంబయి.
12 జూన్ 2025

తమ్ముడు నర్సింహులుకు అక్క రత్నాబాయి దీవెనలు.

రెండు రోజులకోసారి ఫోన్లో మాట్లాడే అక్క కవరు పంపిందేమిటని కంగారు పడకు. అందరం బాగున్నాం. ఇది ఫోన్లో చెప్పలేని సంగతి. ఎందుకంటే సంగతి ఆ ఫోను గురించే. దాని ముందే దాని గురించి మాట్లాడడం నాకు ఇష్టం లేదు.

పోయిన నెల మీ బావ దాదర్ పోయి తిరిగి వస్తూ ఎదురు దిక్కు లోకల్ ఎక్కాడని, కునుకు తీసి ఆ లైను చివరనున్న విరార్‌లో దిగాడని చెప్పాను కదా. బిల్డింగులకు రంగులు వేసిన రోజుల్లో ఈ ఊరంతా కాలినడకన తిరిగిన మనిషి. ఇప్పుడు అరవై తొమ్మిది. ఆ రోజు ఆరు గంటలు జాడ లేకపోయేసరికి మా పిల్లవాడు హితేష్ బెదిరిపోయి, ఎవరు ఎక్కడున్నారో చూపించే యాప్‌కు ఏడాది డబ్బు ఒకేసారి కట్టి మా నలుగురి ఫోన్లలో వేశాడు. తెరిస్తే ముంబయి పటం, దాని మీద గుండ్రంగా మా ఫోటోలు. మీ బావది ఓటరు కార్డు ఫోటో. ఎవరో తరుముకొస్తున్నట్టు ఉంటాడు.

మా చాల్ నీకు తెలుసు. అంతస్తుకంతా ఒకటే మరుగుదొడ్డి, ఆ సండాసు గ్యాలరీ చివరన. ఇల్లు ఎక్కడిదాకానో హితేష్ ఆ పటంలో గీత గీసి పెట్టాడట, సండాసు గీతకు అవతల పడింది. మీ బావ ఫోను జేబులోంచి తీయకూడదని కొడుకు ఆర్డరు. ఇంకేం, ఆయన డబ్బా పట్టుకుని నాలుగడుగులు వేయగానే అంధేరిలో ఆఫీసులో ఉన్న కొడుకు ఫోను 'రాజమల్లు ఇల్లు దాటారు' అంటుంది. వెంటనే వాడి నుంచి ఫోను.

"పప్పా, యేడికి వోతున్నవ్?"

"బాహేర్ పోతున్నరా."

"బాహేర్ అంటే యేడికి?"

"నీ చిన్నప్పుడు నిన్ను ఎత్తుకొని తీస్కవోయిన జాగకే."

రోజుకు నాలుగైదు సార్లు ఇదే మాట. మొన్న లైన్లో నిలబడ్డ పక్కింటివాళ్లు కూడా నవ్వారు. మీ బావ నవ్వలేదు.

నీ బిడ్డ లావణ్య ఫోన్లో ఇది వేయాలా, డబ్బు కట్టి తీసుకుంటే లాభమేమైనా ఉందా అని అడిగావు. ఇంకో నెల చూసి చెబుతాను. అప్పటిదాకా ఆ పిల్ల జోలికి పోకు. మరదలు బాలమ్మను అడిగానని చెప్పు.

నీ అక్క,
రత్న


మక్తల్,
22 జూన్ 2025

అక్కకు నర్సింహులు నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి కళ్లు చెమర్చాయి. నీ అక్షరాలు చూసి ఎన్నేళ్లయిందో. బాలమ్మకు చదివి వినిపించాను. సండాసు దగ్గరికి వచ్చేసరికి ఆమె నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. రోజుకు నాలుగైదు సార్లంటే ఆ వయసులో తేలిక సంగతి కాదు. బావకు కడుపులో ఏదో తేడా ఉంది. దానిమ్మ తొక్కల పొడి వేరే పార్సిల్లో పంపుతున్నాను. పూటకు ఒక చెంచా, మజ్జిగలో. తగ్గేదాకా ఆపొద్దు.

యాప్ సంగతికి వస్తే, హితేష్ మంచి పని చేశాడనే అంటాను. ముప్పై రెండేళ్లు బస్సులో టికెట్లు కొట్టినవాణ్ణి. చెకింగ్ వాళ్లు ఏ స్టేజీలో ఎక్కుతారో తెలియని రోజు కండక్టరు ఎంత క్రమంగా ఉంటాడో నాకు తెలుసు. లావణ్య హైదరాబాదులో నర్సింగు రెండో ఏడు. సాయంత్రం ఏడింటికి ఎప్పుడు చేసినా ఫోను ఎత్తదు. తొమ్మిదింటికి తనే చేసి "వార్డుల ఉన్న నాన్నా" అంటుంది. రోజూ వార్డేనా? ఇక్కడ సెల్‌ఫోన్ల దుకాణంలో అడిగాను. ఊరికే వచ్చేదైతే ఈ పూట ఎక్కడున్నదీ చెబుతుందట, డబ్బు కడితే నెల రోజులు ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగిందో చిట్టా ఇస్తుందట.

బాలమ్మ ఒప్పుకోవడం లేదు. "నమ్మకం లేకుంటె సదివించుడెందుకు, ఇంట్లనే కూసోబెట్టకపోయినవా" అంటుంది. ఆమెకు లోకం తెలియదు.

బావ ఆరోగ్యం గురించి వెంటనే రాయి.

తమ్ముడు,
నర్సింహులు


కామాటిపుర,
20 జూలై 2025

తమ్ముడూ,

నీ పొడి అందింది. మీ బావ కడుపు రాయిలా ఉంది, అది ఎప్పుడూ అలాగే ఉంది. మామూలు మనిషి మామూలుగా పోయే లెక్కే అది, యాప్ లెక్కపెట్టేసరికి నీకు జబ్బులా కనబడింది. నీ పార్సిల్లో 'తగ్గేదాకా ఆపొద్దు' అన్న చీటీ చూసి కోడలు దర్శన ఆయన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు ఏమీ లేదన్నాడు. పొడి మాత్రం పనిచేసింది. మూడు రోజులు మీ బావ అసలు గ్యాలరీ మొహమే చూడలేదు.

ఇప్పుడు రాసేది నీ దగ్గరే ఉంచుకో.

హితేష్ ఆఫీసులో కొత్త రూలు పెట్టారట, పెద్ద ఫోను డ్రాయర్లో పెట్టాలి. ఏదైనా అవసరం ఉంటే చేయమని ఇంకో చిన్న ఫోను కొనుక్కున్నాడు. అందుకని యాప్ చూసే పని ఇప్పుడు దర్శనది. ఆమె పరేల్‌లో రక్తపరీక్షల ల్యాబ్‌లో పని చేస్తూనే మధ్యమధ్య చూస్తుంది. పోయిన శుక్రవారం పనినుంచి వచ్చి, చెప్పు కూడా విడవకుండా నన్ను మూలకు పిలిచింది.

"అత్తా, హే బఘా, గిది చూడు. పప్పా రోజు పదకొండింటి నుంచి నాల్గింటి దాంక ఇదే జాగల ఉంటున్నరు."

చూశాను. ఫోరస్ రోడ్డు. ఓటరు కార్డు ఫోటో ఒక లాడ్జి పేరు మీద కూర్చుని ఉంది. ఒక రోజు కాదు, పద్నాలుగు రోజులు. ఆదివారం సెలవు.

ఆ రోడ్డులో లాడ్జి అంటే ఏమిటో నీకు విప్పి చెప్పనక్కర లేదు. పెళ్లయి ఈ గల్లీకి వచ్చి నలభై మూడేళ్లు. చుట్టూ ఏమున్నా మా గడపలోకి ఏదీ రాలేదు. ఆ రాత్రి అన్నం పెడుతూ అడిగాను.

"పొద్దంత యాడుంటున్నవ్?"

"రోడ్డు మీద."

"ఏ రోడ్డు?"

"నడిచే రోడ్డు."

తల ఎత్తలేదు. ఇంకో మాట చెబుతాను. ఈ మధ్య ఇంటికి వచ్చేటప్పుడు చొక్కా మడత నలగకుండా, కొత్తగా ఇస్త్రీ చేసినట్టు ఉంటోంది. పొద్దున నలిగిన చొక్కాతో పోయిన మనిషి సాయంత్రం ఇస్త్రీ చొక్కాతో ఎలా వస్తాడు? నాకు ఆలోచించడానికే సిగ్గుగా ఉంది. హితేష్‌కు చెబుదామంటే వాడు ఈ మధ్య ఇంట్లో మాటే ఆడడు. తల వంచుకుని తింటాడు, పడుకుంటాడు.

లావణ్య ఫోన్లో వేయాలా అని అడిగావు కదా. ఈ యాప్ లేకుంటే నేను హాయిగా నిద్రపోయేదాన్ని. ఇదే నా జవాబు.

అక్క


మక్తల్,
29 జూలై 2025

అక్కా,

నీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం తినలేదు. నువ్వు ఒక్కదానివే బాధపడుతుంటే ఊరుకునే తమ్ముణ్ణి కాను. బావకు నేనే రాశాను. నీ పేరు ఎక్కడా రానివ్వలేదు. 'తెలిసినవాళ్ల ద్వారా విన్నాను' అని మాత్రమే రాశాను. 'మనవల్ని ఎత్తుకునే వయసులో లాడ్జీల వెంట తిరగడం మన ఇంటా వంటా లేదు, దిగాల్సిన స్టేజీ దాటి పోయారు, వెంటనే దిగండి' అని మర్యాదగానే రాశాను. పోస్టాఫీసులో కవర్లు అయిపోయాయి, కార్డు మీద రాశాను. అది పోస్టులో వేసి వచ్చాక బాలమ్మ తల పట్టుకుంది. ఎందుకో అర్థం కాలేదు.

నీ జవాబు చూశాను కానీ, నాకు అది ఇంకోలా అర్థమైంది. యాప్ లేకుంటే ఈ సంగతి బయటపడేదా? పోయిన ఆదివారం లావణ్య ఇంటికి వచ్చింది. సిగ్నల్ బాగా దొరకడానికి అని చెప్పి ఆమె ఫోన్లో వేయించాను, డబ్బు కట్టేశాను. చిన్న అబద్ధమే. పిల్ల "సరే నాన్నా" అంది. ఇప్పుడు ప్రాణం కుదుటపడింది.

ధైర్యంగా ఉండు.

నర్సింహులు


కామాటిపుర,
21 ఆగస్టు 2025

నర్సింహులూ,

నీ కార్డు వచ్చింది. పోస్టుమ్యాన్ దాన్ని కింద పాలవాడికి ఇచ్చాడు. పాలవాడికి తెలుగు రాదు, ఎవరిదో కనుక్కుందామని మొదటి అంతస్తులో చదివించాడు. వాళ్లు రెండో అంతస్తుకు ఇచ్చారు. మా మూడో అంతస్తుకు చేరేసరికి దానికి ఒక మూల టీ మరక కూడా ఉంది. మీ బావ నిలబడి మొత్తం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "నీ తమ్మునికి అచ్చరాలు మంచిగొస్తయ్" అన్నాడు. మర్నాడు పదకొండింటికి మళ్లీ పోయాడు.

నీ మీద కోపంతో పది రోజులు రాయలేదు. ఇప్పుడు కోపం పెట్టుకునే తీరిక లేదు. జరిగింది విను.

సోమవారం తెల్లవారి నుంచి ఆకాశం తెగి పడ్డట్టు వాన. మధ్యాహ్నానికి పట్టాల మీద నీళ్లు, లోకళ్లు ఆగిపోయాయి. దర్శన ల్యాబ్ ముందే మూసేస్తే మోకాటి లోతులో నడిచి ఇల్లు చేరింది. వస్తూనే ఫోను చూసి, "హితేష్ ఆఫీస్లనే ఉన్నడు. పప్పా ఆ జాగలనే. ఇద్దరు సేఫ్" అంది. ఆ జాగ అనే మాట దగ్గర నా వైపు చూడలేదు.

నాకు కాలు నిలవలేదు. గొడుగు పట్టుకుని బయల్దేరాను. లాడ్జి మెట్లు ఎక్కాల్సి వచ్చినా సరే, ఈ రోజు మొహం చూసి అడగాలనుకున్నాను. అక్కడికి చేరేసరికి లోపలెక్కడో మీ బావ ఫోను మోగుతోంది. ఆ మోత నాకు తెలుసు. లాడ్జిలోంచి కాదు, దాన్ని ఆనుకుని ఉన్న ఇస్త్రీ దుకాణంలోంచి. దుకాణం నిలేష్ అనే అతనిది. సగం దించిన షట్టర్ కింద నుంచి వంగి చూశాను. గోడకు మేకు, మేకుకు ప్లాస్టిక్ సంచి, సంచిలో ఫోను. చేస్తున్నది దర్శన.

"కాకా ఫోను రోజు గీడనే పెడ్తడు మామీ," అన్నాడు నిలేష్. "పదకొండింటికి వచ్చి తగిలిస్తడు, నాల్గింటికి తీస్కపోతడు. ఊకె పెట్టుకుంటె మంచిగుండదని పోయేటప్పుడు అంగి ఇస్త్రీ చేయించుకుంటడు."

"మనిషి యాడికి పోతడు?"

"నాకు చెప్పడు. 'ఫోను కూసుంటది, నేను తిరుగుత' అంటడు."

తమ్ముడూ, ఆ క్షణం నా కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియదు. రైళ్లు లేవు, రోడ్లు నీళ్లు, మునుపు విరార్‌లో తేలిన మనిషి, చేతిలో ఫోను కూడా లేదు. లాడ్జీలో ఉన్నా బాగుండేది అనుకున్నాను. దేవుడి సాక్షిగా అదే అనుకున్నాను.

సంచి తీసుకుని ఇంటికి నడిచాను. గడప దగ్గరికి వచ్చేసరికి దర్శన నవ్వుమొహంతో తలుపు తీసింది. 'రాజమల్లు ఇల్లు చేరారు' అని దాని ఫోను చెప్పిందట. మామ తడిసి వస్తాడని అల్లం వేసి టీ కూడా పెట్టింది. నేను సంచిలోంచి ఫోను తీసి చూపించాను.

దర్శన హితేష్ చిన్న ఫోనుకు చేస్తే తగల్లేదు. డ్రాయర్లో ఉన్న పెద్ద ఫోనుకే చేసింది. ఎవరో ఎత్తారు. పక్క గల్లీ స్వప్నిల్, హితేష్ ఆఫీసులోనే పని చేస్తాడు, దర్శనను వదిన అంటాడు.

"హితేష్‌కి ఇయ్యి."

"వహినీ, ఆడు గీడ లేడు."

"యాప్ల అంధేరిలనే చూపెడ్తుంది."

"ఫోను ఉంది వహినీ."

ఆ తర్వాత ఆ అబ్బాయి దాచలేకపోయాడు. జూన్ ఆఖర్లోనే హితేష్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు. అప్పటినుంచి రోజూ పొద్దున ముంబయి సెంట్రల్ స్టేషన్‌లో తన ఫోను స్వప్నిల్ చేతికి ఇస్తాడు, సాయంత్రం అక్కడే తీసుకుంటాడు. ఫోను మాత్రం ఒక్క రోజు సెలవు పెట్టకుండా ఆఫీసుకు పోయి వస్తోంది.

దర్శన ఏడవలేదు. మామకు పెట్టిన టీ తెచ్చుకుని, నేల మీద కూర్చుని, చివరిదాకా తాగింది.

ఆరింటికి ఇద్దరూ వచ్చారు. తండ్రీ కొడుకూ, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, తల నుంచి కాలిదాకా నీళ్లు కారుతూ. దాదర్ నుంచి నడిచారట. మీ బావ చేతిలో హితేష్ టిఫిన్ సంచి ఉంది.

దాదర్‌లో మన తెలుగువాళ్ల సంఘం ఉంది కదా, అక్కడ పేపర్లు చదువుకునే గది. ప్రతి అడుగుకూ ఫోను వస్తుంటే విసుగెత్తి మీ బావ ఫోను మేకుకు తగిలించి అక్కడికి పోవడం మొదలుపెట్టాడు. ఒక రోజు ఎదుటి కుర్చీలో ఎవరో పేపరు దించితే, కొడుకు. 'నీది నేను చెప్ప, నాది నువ్వు చెప్పకు' అని అక్కడే ఒప్పందమైంది. ఆరు వారాలు ఒకే డబ్బా ఇద్దరూ పంచుకుని తిన్నారు.

"నీకు తెలిసి కూడ నాకు చెప్పలే," అన్నాను మీ బావతో.

"వాడు చెప్పుకోవాలె. నేను చెప్తే వాని మొహం ఏముంటది?" అన్నాడు. "కార్డొచ్చిన్నాడు చెప్పాలనిపించింది. నా పేరు పోతె పోయింది, వానిది నిలవడనీ అని ఊకున్న."

దర్శన హితేష్‌తో ఒక్కటే అన్నది. "నౌక్రీ పోయిందని కాదు. రోజు పొద్దుగాల డబ్బా నీ చేతికిచ్చిన. ఒక్క రోజన్న నా మొహం చూసి చెప్పరాకపోయెనా?" మూడు రోజులైంది, ఆమె ఇంకా వాడితో మాట్లాడలేదు.

అక్క


మక్తల్,
31 ఆగస్టు 2025

అక్కా,

బావ కాళ్ల మీద పడ్డానని చెప్పు. ఎదురుగా వచ్చి చెప్పే మొహం లేదు. బాలమ్మ నీ ఉత్తరం విని, "ఇంకో కార్డు రాయి, మూడంతస్తులల్ల క్షమాపణ చదువుకుంటరు" అంది. వెటకారమే అనుకో, అయినా నేను నిజంగానే రాశాను. పెద్ద అక్షరాలతో. దాని మీద టీ పడకుండా చూడు.

ఇక్కడి సంగతి కూడా విను. యాప్ వేసిన నెల రోజులూ నేను రోజూ ఏడింటికి పెట్టె తెరిచినట్టు తెరిచి చూశాను. ఏడింటికి లావణ్య ఎక్కడుందో తెలుసా? వార్డులో. ప్రతి రోజూ వార్డులో. మొదటినుంచీ ఆ పిల్ల చెప్పింది అదే కదా. దానికి డబ్బు కట్టి తెలుసుకున్నాను.

నిన్న ఇంటికి వచ్చింది. అన్నం తిన్నాక మెల్లగా నా పక్కన కూర్చుంది.

"నాన్నా, ఒకటి అడుగుత. రోజు నాల్గింటికి బస్టాండు కాడ మిఠాయి దుకాణంల ఇరవై నిమిషాలు ఏం చేస్తున్నవ్?"

ఆ యాప్ ఒక వైపే చూస్తుందనుకున్నాను. వేసిన మొదటి రోజే ఆమెకు చీటీ పంపిందట, 'మీ నాన్న మిమ్మల్ని చూస్తున్నారు, మీరూ చూస్తారా' అని. ఆమె సరే అని నొక్కింది. నా షుగరు రెండు వందల యాభై దాటిన సంగతి నీకు తెలుసు. నెలలో ఇరవై ఆరు రోజులు పోయానని తారీకులతో సహా చెప్పింది. ముప్పై రెండేళ్ల సర్వీసులో ఒక్కసారి చెకింగ్‌లో దొరకనివాణ్ణి, కన్నబిడ్డకు దొరికాను. బాలమ్మ అక్కడే నిలబడి విన్నది. నిన్నటినుంచి జొన్నరొట్టె తప్ప ఏదీ నా కంచంలోకి రావడం లేదు.

"సిగ్నల్ కోసమని ఎందుకు చెప్పినవ్? చూడాలనిపిస్తున్నదని చెప్తే నేనే వేసుకుందును," అంది పిల్ల. తిట్టినా ఇంత నొచ్చుకునేవాణ్ణి కాదు. ఇద్దరం కలిసి ఆ యాప్ తీసేశాం. మిగిలిన పదకొండు నెలల డబ్బు తిరిగి ఇవ్వరట. పోనీ.

దర్శన మాట్లాడిందా? హితేష్‌కు నేను ఫోను చేయనా, వద్దా? నువ్వు చెప్పేదాకా ఏమీ చేయను. ఈసారి నిజంగా చేయను.

నర్సింహులు


కామాటిపుర,
7 సెప్టెంబర్ 2025

తమ్ముడూ,

నీ రెండో కార్డు వచ్చింది. మొదటి అంతస్తువాళ్లు దాన్ని మీ బావకు ఇస్తూ "మీ బామ్మర్ది మంచి మనిషి" అన్నారు. ఆయన దాన్ని మొదటి కార్డు పక్కనే అద్దం వెనక పెట్టాడు.

హితేష్ పనిలో చేరాడు. ధారావిలో తోలు సంచులు కుట్టే కార్ఖానాలో పార్సిళ్లు పంపే పని. ఆ సేఠ్ ఇంటికి మీ బావ ఎప్పుడో రంగులు వేశాడు. వాన తగ్గిన మర్నాడే కొడుకును వెంటపెట్టుకుని పోయి నిలబడ్డాడు. మునుపటి ఉద్యోగమంత గొప్పది కాదు, వాడు అది దాచలేదు కూడా. దర్శన ఎనిమిదో రోజు మాట్లాడింది. "యాప్ తీసెయ్. యాడున్నవో నువ్వే నోటితోని చెప్పు" అన్నది. అప్పటినుంచి వాడు మధ్యాహ్నం ఫోను చేసి, ఏం తిన్నాడు, పక్కవాడు ఏం తెచ్చుకున్నాడు, లారీ ఎందుకు ఆలస్యమైంది, అన్నీ చెబుతున్నాడు. నిన్న "అత్తా, ఈనకన్న యాప్ నయముండె" అని నాతో గొణిగింది. గొణుగుతూ నవ్వింది. అది చూసి నాకు ధైర్యం వచ్చింది.

మీ బావ ఇప్పుడు ఫోను జేబులోనే పెట్టుకుని దాదర్ పోతున్నాడు. పోయేముందు చెప్పి పోతున్నాడు. ఒకవేళ దారి తప్పితే మాత్రం తనే ఫోను చేస్తానని కొడుక్కి మాట ఇచ్చాడు.

అసలు సంగతి ఇప్పుడు రాస్తాను. ముగ్గురి ఫోన్లలోంచీ యాప్ తీసేశారు. వారం తర్వాత నా ఫోను చూసుకుంటే అందులో అలాగే ఉంది. నాది తీయాలని ఎవరికీ తట్టలేదు. ఉన్నదని కూడా ఎవరికీ గుర్తు లేదు. ఇన్ని రోజులు ఆ యాప్ పట్టుకుని ఇల్లంతా అతలాకుతలమైతే, నా ఫోటో ఎక్కడుందో చూసినవాళ్లు లేరు. నేనే తెరిచి చూశాను. డబ్బు కట్టిన చిట్టా కదా, నెల రోజులూ చూపించింది. ఒకే చోట ఒక చుక్క. కూరగాయలకు పోయిన దూరం దానికి దూరంలాగే అనిపించలేదేమో. ఒక్క వాన రోజు మాత్రం ఫోరస్ రోడ్డు దాకా సన్నటి గీత, మళ్లీ వెనక్కి.

హితేష్‌ను పిలిచి చూపించాను. "తీసేస్త మమ్మీ" అన్నాడు. "వద్దు, ఉండనీ" అన్నాను. "మీరు మళ్లీ వేసుకోండి. నేను దీనికి కొంచెం పని చెప్తా."

నలభై మూడేళ్లలో పెళ్లికో చావుకో తప్ప మక్తల్ రాలేదు. వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు వెంట ఉన్నారు. ఈసారి ఏ పనీ లేదు, నేనొక్కదాన్నే వస్తున్నాను. పద్నాలుగో తారీకు బండి, పదిహేను పొద్దున రాయచూరులో దిగి బస్సు ఎక్కుతాను. నువ్వు స్టేషన్‌కు రావద్దు. నీకు తెలిసిన కండక్టర్లకు చెప్పి పెట్టవద్దు. టికెట్ నేనే తీసుకుంటాను.

మీ బావ ఈ మాట విని కొడుకు చేతిలోంచి ఫోను తీసుకుని, నా ఫోటో ఎక్కడ నొక్కితే కనబడుతుందో రెండుసార్లు నేర్చుకున్నాడు. ఆ రోజు దాదర్ పోడట. ఇంట్లోనే కూర్చుని చూస్తాడట, ఎంతవరకు పోయానో.

చూడనీ.

నీ అక్క,
రత్నాబాయి